సిటీ వాళ్లు గ్రాంట్ ఇస్తామంటున్నారు, గ్యాస్ హీటర్ పీకించేయాలా?

గరాజ్‌గణపతి
మాది కాలిఫోర్నియా బే ఏరియాలో ఓ మోస్తరు సిటీ. ఈ నెలలో మూడోసారి కరపత్రం వచ్చింది. సిటీకి ఏదో గ్రాంట్ వచ్చిందట. గ్యాస్ వాటర్ హీటర్ తీసేసి హీట్ పంప్ హీటర్ (గాలిలోని వేడి లాగి నీళ్లు కాచే కరెంటు హీటర్) పెట్టుకుంటే కొంత డబ్బు ఇస్తారట. శనివారం లైబ్రరీలో వర్క్‌షాప్, ఇంటికొచ్చి ఉచితంగా చూసి చెప్పే మనిషి, ఇండక్షన్ స్టవ్ రెండు వారాలు అరువు, ఇలా చాలానే రాశారు. ఎంత ఇస్తారో మాత్రం చిన్న అక్షరాల్లో 'ఆదాయాన్ని బట్టి' అని వదిలేశారు.
మా హీటర్‌కి 14 ఏళ్లు. ఇంకా బాగానే పనిచేస్తోంది. ఇంటి కరెంటు ప్యానెల్ 100 ఆంప్‌లది. ఒక కాంట్రాక్టర్‌ని పిలిస్తే ప్యానెల్ మార్చకుండా కుదరదన్నాడు. అతను చెప్పిన మొత్తం వింటే సిటీ ఇచ్చేది ఆ పక్కన చిల్లర. మన పన్నుల డబ్బుతో మనకే కరపత్రాలు పంపడం తప్ప ఇందులో ఏమన్నా ఉందా? చేయించినవాళ్లు ఉంటే చెప్పండి.

కాఫీ_తర్వాతే
మూడు కరపత్రాల కాగితం ఖర్చుతో ఒక హీటర్ వచ్చేది.

చిల్లరదేవుడు
సిటీ ఇచ్చేది ఎంతైనా కానీ, ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ 30 శాతం ఉంది కదా. హీట్ పంప్‌కి 2,000 డాలర్ల దాకా వస్తుంది, 2032 వరకు. రెండూ కలిపి లెక్కేసుకోండి.

లెక్కలటీచర్
చిల్లరదేవుడు గారూ, అది పాత మాట. 2022 చట్టంలో 2032 వరకు అనే రాసుకున్నారు. 2025 జులై 4న సంతకమైన చట్టం దాన్ని 2025 డిసెంబర్ 31తో ఆపేసింది. అప్పటికే బిగించి ఉంటే ఆ ఏడాది రిటర్న్‌లో చూపించుకోవచ్చు, ఇప్పుడు కొత్తగా పెట్టేవాళ్లకి లేదు. ఇంటి మీద సోలార్‌కి ఇచ్చే 30 శాతం కూడా అదే తేదీతో పోయింది.

చిల్లరదేవుడు
అయ్యో. నేను ఈ వేసవిలో పెట్టిద్దామని కూర్చున్నా. మా ఆవిడకి ఎవరూ చెప్పకండి.

బర్కిలీ_పాతకాపు
సిటీలు ఇప్పుడు ఇలా కరపత్రాలు పట్టుకుని ఎందుకు తిరుగుతున్నాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 2019లో బర్కిలీ దేశంలో మొదటిసారి కొత్త భవనాలకి గ్యాస్ పైపు వద్దని ఆర్డినెన్స్ చేసింది. తర్వాత కాలిఫోర్నియాలో డజన్ల కొద్దీ సిటీలు అదే దారి పట్టాయి. రెస్టారెంట్ల సంఘం కోర్టుకెళ్లింది. 2023 ఏప్రిల్‌లో తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ సంఘం వైపు తీర్పు చెప్పింది. ఉపకరణాల ప్రమాణాలు 1975 నాటి ఫెడరల్ చట్టం కిందికి వస్తాయి, సిటీ దొడ్డిదారిన గ్యాస్ స్టవ్ వాడకుండా చేయడం కుదరదు అని. 2024 జనవరిలో మళ్లీ విచారించడానికి కూడా ఒప్పుకోలేదు. బర్కిలీ ఆ ఆర్డినెన్స్‌ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.
వద్దని చెప్పే దారి మూసుకుపోయింది కాబట్టి ఇక మిగిలింది బతిమాలడం, బుజ్జగించడం, చేతిలో నాలుగు డబ్బులు పెట్టడం. మీ ఇంటికొచ్చిన కాగితం అదే.

గరాజ్‌గణపతి
ఇది నాకు తెలియదు. అయితే బతిమాలేవాడి దగ్గర బేరం ఆడొచ్చన్నమాట.

కాఫీ_తర్వాతే
ఆడి చూడు. 'ఆదాయాన్ని బట్టి' అని మళ్లీ చిన్న అక్షరాలు చూపిస్తారు.

సిటీహాల్_చుట్టం
నేను వేరే రాష్ట్రంలో ఒక సిటీ ఆఫీసులో పనిచేశాను, ఇలాంటి గ్రాంట్ ఫైలు చూశాను. కాగితాల ఖర్చు గురించి ఎగతాళి చేసేవాళ్ల కోసం రెండు ముక్కలు.
చాలా సిటీలకి ఈ డబ్బు ఎనర్జీ ఎఫిషియెన్సీ అండ్ కన్సర్వేషన్ బ్లాక్ గ్రాంట్ అనే పద్దు కింద వచ్చింది. 2007 చట్టంలో పుట్టిన పథకం. 2009లో మాంద్యం నుంచి తేరుకోవడానికని 320 కోట్ల డాలర్లు పోశారు. తర్వాత ఏళ్ల తరబడి ఎండబెట్టి, 2021 మౌలిక వసతుల చట్టంలో 55 కోట్లు పెట్టారు. అది దేశంలోని రాష్ట్రాలు, కౌంటీలు, సిటీలు, ఆదివాసీ తెగలు అందరూ పంచుకోవాలి. మా సిటీ వాటాకి వచ్చింది ఒకటిన్నర లక్ష డాలర్ల లోపు. దాంతో ఇంటికి 3,000 చొప్పున పంచితే 50 ఇళ్లు. ఊళ్లో ఇళ్లు వేలల్లో ఉంటాయి. అందుకే మేము సగం డబ్బు అవగాహనకి, ఇళ్లు చూసి చెప్పే మనిషికి, ఒక వెబ్‌సైటుకి పెట్టాం. మనుషులకి రాష్ట్రం రిబేట్ ఉందని తెలిస్తే అక్కడి డబ్బు ఊళ్లోకి వస్తుందని ఆశ.
అది పనిచేసిందా అంటే సగం సగం. వర్క్‌షాప్‌కి వచ్చినవాళ్లలో చాలామంది ముందే సోలార్, ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లు. పెళ్లయినవాళ్లకే సంబంధాలు చూసినట్టు అయింది.

అద్దెకొంప
సరిగ్గా నా బాధ ఇదే. సొంతిల్లు ఉన్నవాడికి కొత్త హీటర్‌కి డబ్బులు, అద్దెకున్న నాకు లైబ్రరీలో ఉపన్యాసం. మా అపార్ట్‌మెంట్‌లో గ్యాస్ బిల్లు నేను కడతా, హీటర్ ఓనర్‌ది. మారిస్తే బిల్లు తగ్గేది నాకు, ఖర్చు ఆయనకి. ఆయన ఎందుకు మారుస్తాడు? ఏ గ్రాంట్ వచ్చినా ఈ ముడి విప్పకుండా ఊరంతా కరెంటు అంటే నవ్వొస్తుంది.

బర్కిలీ_పాతకాపు
ఒప్పుకుంటా. రాష్ట్రాల ద్వారా వచ్చే ఫెడరల్ రిబేట్‌లో కొంత చూసుకున్నారు. ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉంటే ఖర్చు మొత్తం, 80 నుంచి 150 మధ్య ఉంటే సగం, గరిష్ఠ పరిమితి లోపల. హీట్ పంప్ వాటర్ హీటర్‌కి 1,750, ఇంటిని వెచ్చగా ఉంచే హీట్ పంప్‌కి 8,000, ప్యానెల్‌కి 4,000, వైరింగ్‌కి 2,500, స్టవ్‌కి 840, అన్నీ కలిపి ఇంటికి 14,000 మించకుండా. అపార్ట్‌మెంట్ భవనాలకి కూడా దారి ఉంది, అందులో కనీసం సగం కుటుంబాలు తక్కువ లేదా మధ్యస్థ ఆదాయం వాళ్లయి ఉండాలి. కానీ దరఖాస్తు పెట్టాల్సింది ఓనరే.

అద్దెకొంప
అంటే మళ్లీ ఓనర్ దగ్గరికే. ఆయన బల్బు మార్చడానికే మూడు ఈమెయిల్‌లు తీసుకుంటాడు.

వోల్టుమామ
గణపతి, ప్యానెల్ సంగతి ముందు తేల్చుకుందాం. నేను ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ దగ్గర పదకొండేళ్లుగా ఉన్నా. 100 ఆంప్ ప్యానెల్ అనగానే మార్చాలి అని చెప్పేవాళ్లు రెండు రకాలు. ఒకరికి లెక్క కట్టే ఓపిక లేదు, ఇంకొకరికి ప్యానెల్ అమ్మాలని ఉంది.
ఎలక్ట్రికల్ కోడ్‌లో 220.87 అని ఒక సెక్షన్ ఉంది. యుటిలిటీ (కరెంటు కంపెనీ) నుంచి నీ ఇంటి గత ఏడాది వాడకం డేటా తీసుకుంటావు. అందులో అన్నింటికన్నా ఎక్కువ లోడ్ పడిన సమయం చూసి, దానికి 25 శాతం కలుపుతావు, పైన కొత్త సామాను లోడ్ వేస్తావు. మొత్తం 100 ఆంప్‌ల లోపు ఉంటే ప్యానెల్ ముట్టుకోనక్కర్లేదు. గ్యాస్ స్టవ్, ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ ఉన్న ఇంట్లో గరిష్ఠ వాడకం 35, 40 ఆంప్‌లు దాటడం నేను చాలా తక్కువ చూశా. సోలార్ ఉన్న ఇంటికి మాత్రం ఈ దారి కుదరకపోవచ్చు, వేరే లెక్క కట్టాలి.
రెండోది. మామూలు హీట్ పంప్ వాటర్ హీటర్‌కి 240 వోల్టులు, 30 ఆంప్ బ్రేకర్ అడుగుతారు. అది లోపలున్న హీటింగ్ రాడ్ల కోసం. కంప్రెసర్ ఒక్కటే నడిచేటప్పుడు తాగేది అర కిలోవాట్ చిల్లర. రాడ్లు లేని 120 వోల్టుల మోడల్ కూడా వచ్చింది, గోడకున్న మామూలు ప్లగ్గుకే పెట్టొచ్చు. నీళ్లు కొంచెం నెమ్మదిగా కాగుతాయి. నలుగురున్న ఇంటికి 65 గ్యాలన్ల ట్యాంకు తీసుకుంటే ఇబ్బంది ఉండదు.
సిటీ పంపే మనిషి ఉచితం అంటున్నారు కదా, ఆయన చేత ఈ లెక్క కట్టించు. ఆ కాగితం చేతిలో ఉంటే కాంట్రాక్టర్ నోరు మూస్తాడు.

గరాజ్‌గణపతి
మామా, ఇది బంగారం లాంటి ముక్క. ప్యానెల్ మాట విన్న దగ్గర్నుంచి టెన్షన్ పడుతున్నా.

దోసెపెనం
మామా, గరాజ్‌లో పెడితే చలిగాలి వదులుతుందంట కదా? శబ్దం కూడానా?

వోల్టుమామ
చుట్టూ ఉన్న గాలిలోంచి వేడి లాక్కుని నీళ్లకి ఇస్తుంది, కాబట్టి ఆ గాలి చల్లబడుతుంది. గరాజ్‌లో అయితే వేసవిలో హాయి. ఇంటి లోపల చిన్న అల్మరాలో తలుపేసి పెడితే దానికి పీల్చుకోవడానికి గాలే ఉండదు, అది తప్పు. శబ్దం పాత ఫ్రిజ్ కంటే కొంచెం ఎక్కువ. పడకగది గోడకి ఆనించి పెట్టించుకుని తర్వాత నన్ను తిట్టొద్దు. నీళ్లు కారడానికి ఒక గొట్టం కూడా కావాలి, అది చాలామంది మర్చిపోతారు.

లెక్కలటీచర్
అందరూ రిబేట్ గురించే మాట్లాడుతున్నారు. నెల బిల్లు సంగతి ఎవరూ ఎత్తలేదు. నా బిల్లులు ముందేసుకుని లెక్క కట్టాను. నాకు గ్యాస్ థర్మ్ సుమారు 2.50 డాలర్లు, కరెంటు యూనిట్ సగటున 38 సెంట్లు.
ఒక థర్మ్ అంటే 29.3 యూనిట్ల వేడి. పాత గ్యాస్ వాటర్ హీటర్ అందులో 62 శాతం మాత్రమే నీళ్లకి ఇస్తుంది, మిగతాది పొగగొట్టం పాలు. వేసవిలో ఫర్నేస్ నడవనప్పుడు మాకు నెలకి 12 థర్మ్‌లు, అంటే 30 డాలర్లు. నీళ్లలోకి చేరిన వేడి 218 యూనిట్లు. హీట్ పంప్ ఒక యూనిట్ తీసుకుని 3.3 యూనిట్ల వేడి ఇస్తే, దానికి 66 యూనిట్లు చాలు. 25 డాలర్లు. నెలకి అయిదు డాలర్లు మిగులు. కాఫీ డబ్బులు.
ఇక ఫర్నేస్. జనవరిలో 60 థర్మ్‌లు, 150 డాలర్లు. 80 శాతం సామర్థ్యంతో 1,406 యూనిట్ల వేడి. హీట్ పంప్ మూడు రెట్లు ఇస్తే 469 యూనిట్లు, 178 డాలర్లు. అంటే ఎదురు 28 డాలర్లు నేనే కట్టాలి! గ్రాంట్ ఒకసారి వస్తుంది, బిల్లు ప్రతి నెలా వస్తుంది. సిటీ కరపత్రంలో 'బిల్లు ఆదా' అని పెద్ద అక్షరాల్లో ఉందా గణపతి గారూ?

గరాజ్‌గణపతి
ఉంది. పచ్చ రంగులో. పక్కన ఆకు బొమ్మ.

మంచుఊరి_మనిషి
లెక్క సరే, అది కాలిఫోర్నియా కరెంటు రేటు పుణ్యం. మా మిన్నెసోటాలో యూనిట్ అందులో సగం కూడా ఉండదు. అయితే మాకు చలి వేరే లెవెల్. మేం హీట్ పంప్ పెట్టుకుని పాత గ్యాస్ ఫర్నేస్‌ని కూడా ఉంచుకున్నాం. బయట మరీ గడ్డకట్టే రోజుల్లో అది అందుకుంటుంది. చలిలో హీట్ పంప్ పనిచేయదనేవాళ్లకి ఒక్క మాట. ఈశాన్యాన ఉన్న మెయిన్ (Maine) రాష్ట్రం లక్ష హీట్ పంప్‌ల లక్ష్యం పెట్టుకుని 2023లోనే, అనుకున్నదానికి రెండేళ్ల ముందే దాటేసింది. అక్కడ చలి తక్కువేం కాదు. అక్కడ చాలా ఇళ్లు కాల్చేది నూనె, దాని ధరతో పోలిస్తే లాభం. ఏ ఊరికి ఆ ఊరి ఇంధనం ధర చూడాలి.

సూర్యకాంతి_సబ్‌స్టేషన్
టీచర్ గారు ఒకటి వదిలేశారు. ఎలక్ట్రిక్ ఇళ్లకని వేరే రేటు ప్లాన్లు ఉన్నాయి. నెలకి కొంత స్థిర చార్జీ పెట్టి యూనిట్ ధర తగ్గిస్తారు, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది మినహా. వాటర్ హీటర్‌కి టైమర్ పెట్టి మధ్యాహ్నమే కాచేసుకుంటే యూనిట్ 33 సెంట్లలో పడొచ్చు. అప్పుడు మీ ఫర్నేస్ లెక్క 155కి వస్తుంది, గ్యాస్‌తో దాదాపు సమానం. పైగా అదే హీట్ పంప్ వేసవిలో ఏసీ. ఏసీ ఎలాగూ కొనాలనుకున్నవాడికి లెక్క వేరే.

లెక్కలటీచర్
వాటర్ హీటర్‌కి ఒప్పుకుంటా, ట్యాంకు ఉంది కాబట్టి ఎప్పుడైనా కాచుకోవచ్చు. ఇల్లు వెచ్చబెట్టడానికి మధ్యాహ్నం రేటు ఎలా వాడతారండీ? చలి పడేది సాయంత్రం. 33 సెంట్లు మీ ఆశ, 38 నా బిల్లు.

సూర్యకాంతి_సబ్‌స్టేషన్
సరే, మధ్యలో 35 దగ్గర రాజీ.

ఆరిన_బర్నర్
డబ్బులే కాదు. మా బాబుకి ఆస్తమా. గ్యాస్ స్టవ్ నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుందని డాక్టర్ చెప్పాక మార్చాం. 2022లో స్టాన్‌ఫర్డ్ వాళ్ల అధ్యయనంలో స్టవ్‌లు వదిలే మీథేన్‌లో మూడొంతుల పైగా అవి ఆపి ఉన్నప్పుడే కారుతోందని తేలింది. ఆపితే ఆగిపోతుంది అనుకుంటాం మనం.

దోసెపెనం
మా సిటీలో ఇండక్షన్ అరువు తెచ్చుకుని రెండు వారాలు చేశా. ఇనుప పెనం అద్భుతం. అల్యూమినియం కుక్కర్ మీద అది మొహం కూడా చూడదు. అయస్కాంతం అంటుకుంటేనే గిన్నె పనికొస్తుంది. పుల్కా మంట మీద పొంగించడం కుదరదు, అది మాత్రం మిస్ అయ్యా. ఇంట్లో పాత గిన్నెలన్నీ అయస్కాంతం పట్టుకుని పరీక్షించుకుంటూ తిరిగితే మా వారు మంత్రగాణ్ణి పిలవనా అన్నారు.

చిల్లరదేవుడు
స్టవ్‌కి 240 లైన్ కావాలి కదా మళ్లీ?

వోల్టుమామ
పెద్ద స్టవ్‌కి కావాలి. లోపల బ్యాటరీ పెట్టుకుని మామూలు ప్లగ్గు మీద నడిచేవి వచ్చాయి, ధర చూస్తే చెమటలు పడతాయి. అద్దెకున్నవాళ్లకి ఒక్క బర్నర్‌ది పెట్టుకుంటే చాలు, ఓనర్ అనుమతి కూడా అక్కర్లేదు. అద్దెకొంప గారూ, మీరు అరువుకి వెళ్లి అడగండి. దానికి ఇంటి కాగితాలు అడగరు సాధారణంగా.

అద్దెకొంప
ఇన్ని పోస్టుల తర్వాత నాకంటూ ఒక బర్నర్ దక్కింది. సరే, అడుగుతా.

శుక్రవారం_చన్నీళ్లు
గణపతి గారు 'ఇంకా బాగానే పనిచేస్తోంది' అన్నారు చూశారా, నేనూ అదే అన్నాను. మాది 13వ ఏట, ఒక శుక్రవారం రాత్రి అడుగు నుంచి కారడం మొదలెట్టింది. ఇంట్లో అత్తమామలు, ఆరు నెలల పాప. రిబేట్‌కి ముందు దరఖాస్తు పెట్టి, డబ్బు రిజర్వ్ చేయించుకుని, ఆ తర్వాతే బిగించాలట. గుర్తింపు ఉన్న కాంట్రాక్టర్‌కి మూడు వారాల తర్వాత ఖాళీ. ప్లగ్గు లేదు, లైన్ లేదు. శనివారం సాయంత్రానికి కొత్త గ్యాస్ హీటరే బిగించాం. ఇంకో పన్నెండేళ్లు అదే. నాకు హీట్ పంప్ ఇష్టం లేక కాదు, రెండు రోజులు చన్నీళ్లు ఎవరు పోసుకుంటారు?
హీటర్‌లు మారేవి ఎక్కువగా ఇలా చచ్చిపోయినప్పుడే. సిటీకి నిజంగా బుద్ధి ఉంటే గ్రాంట్ డబ్బుతో గరాజ్‌లో ఒక ప్లగ్గు, ఒక లైన్ ముందే వేయించి పెట్టాలి. లేదా తాత్కాలికంగా ఒక హీటర్ అరువివ్వాలి. స్టవ్ అరువిస్తున్నారుగా.

సిటీహాల్_చుట్టం
ఇది నేను పనిచేసినప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నిజం. మేం 'హీటర్ బిగించినవాళ్లు ఎందరు' అని లెక్క పెట్టాం. 'ప్లగ్గు సిద్ధంగా ఉన్న ఇళ్లు' అనే గడి ఫారంలో లేదు. గడి లేకపోతే ఆ పని జరగదు.

బర్కిలీ_పాతకాపు
పైగా తొందర కూడా ఉంది. బే ఏరియా గాలి నాణ్యతా సంస్థ 2023 మార్చిలో ఒక నియమం చేసింది. నైట్రోజన్ ఆక్సైడ్లు వదలని చిన్న వాటర్ హీటర్‌లు మాత్రమే 2027 నుంచి, ఫర్నేస్‌లకి 2029 నుంచి. ఉన్నది పీకమని కాదు, కొత్తగా పెట్టేటప్పుడు. మార్కెట్లో అలాంటివి ప్రస్తుతం కరెంటువే. తేదీలు, మినహాయింపుల మీద లాగులాట నడుస్తూనే ఉంది, కానీ ఆ శుక్రవారం రాత్రి పరిస్థితి రేపు ఎందరికి వస్తుందో ఆలోచించండి.

కాఫీ_తర్వాతే
అంటే బతిమాలడం అయ్యాక బెత్తం కూడా ఉందన్నమాట.

బర్కిలీ_పాతకాపు
బెత్తం వేరే మాస్టారిది. సిటీ చేతిలో మిఠాయిలే.

మంచుఊరి_మనిషి
గ్రాంట్‌ని నమ్ముకుంటే ఇంతే. అది పండక్కి వచ్చిన చుట్టం, ఉన్నన్నాళ్లు సందడి. డెన్వర్ సిటీ వాళ్లు 2020లో ఓటు వేసి అమ్మకం పన్ను పావు శాతం పెంచుకున్నారు, ఏడాదికి సుమారు 4 కోట్ల డాలర్లు వాతావరణ పనులకి. హీట్ పంప్ రిబేట్‌లు అందులోంచి ఇస్తున్నారు. వాషింగ్టన్‌లో ఎవరు గెలిచినా అది ఆగదు.

లెక్కలటీచర్
అమ్మకం పన్ను పేదవాడూ కడతాడు, హీట్ పంప్ ఇల్లున్నవాడు పెట్టుకుంటాడు. అద్దెకొంప గారి ప్రశ్న అక్కడా ఉంది.

అద్దెకొంప
టీచర్ గారికి నా ఓటు. ఒక బర్నర్ తోడు.

గరాజ్‌గణపతి
శనివారం వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చా. పదిహేను మంది ఉన్నారు, చుట్టం గారు చెప్పినట్టే సగం మంది ఎలక్ట్రిక్ కార్లలో వచ్చారు. బిల్లు ఆదా గురించి టీచర్ గారి లెక్క అడిగితే, మాట్లాడుతున్న అమ్మాయి నిజాయితీగా 'ఫర్నేస్‌కి మీ రేటుని బట్టి పెరగొచ్చు' అంది. ఆకు బొమ్మ గురించి అడగలేదు, పాపం.
సోమవారం ఆ ఉచిత మనిషి వచ్చి యుటిలిటీ డేటా తీయించాడు. మా గరిష్ఠం 29 ఆంప్‌లు. ప్యానెల్ మార్చక్కర్లేదని కాగితం రాసిచ్చాడు. ఫర్నేస్ ఇప్పుడు ముట్టుకోను. హీటర్ 65 గ్యాలన్లది, డబ్బు రిజర్వ్ చేయించా. చెక్కు బిగించాక ఎనిమిది వారాలకి వస్తుందట, అప్పటిదాకా చేతి నుంచే. ప్లగ్గు మాత్రం రేపే వేయిస్తున్నా, పాతది ఈలోపు చచ్చినా పర్లేదు.

వోల్టుమామ
నీళ్లు కారే గొట్టం ఎటు పోతోంది?

గరాజ్‌గణపతి
గొట్టమా?